జీపీఏ బాగానే ఉంది, సాయం ఎందుకు ఆగింది?

చదువు ఖర్చులపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు. జవాబులిస్తున్నది ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో స్కాలర్‌షిప్ విభాగం చూసి, సూపరింటెండెంటుగా రిటైరైన నల్లగొండ వాసి.

ప్రశ్న: నమస్కారం సార్. మాది మిర్యాలగూడ. మా అన్నయ్య కుటుంబం చాలా ఏళ్లుగా అమెరికాలో, టెక్సాస్‌లో ఉంటోంది. మేనకోడలు అక్కడే పుట్టింది. డిగ్రీ రెండో సంవత్సరం. అక్కడి ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు, కొంత విద్యా రుణం కలిపి చదువు నడుస్తోంది. మొదటి సెమిస్టర్‌లో 15 క్రెడిట్లకు (ఒక్కో కోర్సుకు ఇన్ని అని ఇచ్చే పాయింట్లు) చేరి, కెమిస్ట్రీ కష్టమని మధ్యలో వదిలేసింది. రెండో సెమిస్టర్‌లో మా అమ్మ చనిపోయింది. పిల్ల పసితనంలో రెండేళ్లు పెంచింది అమ్మే. కబురు వినగానే వచ్చి, దశదిన కర్మ అయ్యాక కూడా నెల దాకా మా దగ్గరే ఉండిపోయింది. ఆ సెమిస్టర్‌లో 15 క్రెడిట్లలో మూడు కోర్సులు వదులుకోవలసి వచ్చింది. మూడో సెమిస్టర్‌లో 12 తీసుకుని ఒక కోర్సు వదిలింది. ఇప్పుడు సాయం ఆపేస్తున్నామని కాలేజీ నుంచి మెయిలు వచ్చింది. ఒక్క పేపరు కూడా ఫెయిల్ కాలేదు, జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, నాలుగుకు 2.9 ఉంది. అన్నయ్య వకీలును పెడతానంటున్నాడు. మీరేమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ అన్నయ్యను వకీలు మాట మానుకోమనండి. ఇందులో తగవు ఏమీ లేదు, ఉన్నదల్లా ఒక భాగహారం లెక్క.

నేను అమెరికా కాలేజీ గుమ్మం తొక్కినవాణ్ని కాదు. అయితే వాళ్ల ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, నిబంధనలు ఎవరైనా చదువుకునేలా బయటే ఉంటాయి. విద్యార్థి సాయానికి సంబంధించిన వాటిలో 668.34 అనే విభాగం సరిగ్గా మీ మేనకోడలి సంగతే. మీ ఉత్తరం వచ్చాక దాన్ని తెప్పించుకుని రెండు పూటలు కూర్చున్నాను. రిటైరైనా నిబంధనలు చదవడంలోని రుచి పోలేదు.

దీన్ని అక్కడ ‘శాటిస్‌ఫ్యాక్టరీ అకడమిక్ ప్రోగ్రెస్’ అంటారు. పెల్ గ్రాంటుకైనా, ఫెడరల్ రుణానికైనా, క్యాంపస్‌లో పని చేయించి జీతమిచ్చే వర్క్ స్టడీకైనా ఇదే కొలత. మూడు వైపుల నుంచి చూస్తారు. ఒకటి మార్కులు. రెండేళ్లకు మించిన కోర్సయితే రెండో ఏడాది చివరికి కనీసం సి సగటు గానీ, దానికి సమానమైనది గానీ ఉండాలి. చాలా కాలేజీలు దీన్ని 2.0 జీపీఏగా పెట్టుకున్నాయి. మీ అమ్మాయికి 2.9 ఉంది కాబట్టి ఈ గుమ్మం దాటింది. మీ ఇంట్లో అందరూ ఇక్కడే ఆగిపోయారు.

రెండోది వేగం. ఇప్పటిదాకా ఎన్ని క్రెడిట్లకు చేరింది, ఎన్ని పూర్తి చేసింది అని చూస్తారు. మూడోది గడువు. కోర్సు నిడివికి ఒకటిన్నర రెట్లు దాటకూడదు. డిగ్రీకి 120 క్రెడిట్లు కావాలనుకుంటే, 180 క్రెడిట్లకు చేరేలోపు అది పూర్తి కావాలి. ఈ 180లో 120 అంటే మూడింట రెండు వంతులు. అందుకే వేగాన్ని ఎక్కువ కాలేజీలు 67 శాతంగా పెడతాయి.

మధ్యలో వదిలేసిన కోర్సు జీపీఏలోకి రాదు. వేగం లెక్కలో మాత్రం ‘చేరింది’ అనే వైపు కూర్చుంటుంది, ‘పూర్తి చేసింది’ అనే వైపుకు రాదు. సెమిస్టర్ మొదట్లో కోర్సులు మార్చుకోవడానికి ఇచ్చే కొద్ది రోజుల్లో తీసేస్తే లెక్కలోకి రాదు. ఆ తర్వాత వదిలితే వస్తుంది. మీరు రాసిన అంకెలతో నేను కాగితం మీద వేశాను. ఒక్కో కోర్సు మూడు క్రెడిట్లు అనుకుందాం. మొదటి సెమిస్టర్‌లో 15కి 12. రెండో దాంట్లో 15కి 6. అక్కడికి 30కి 18, అంటే 60 శాతం. ఈ దశలోనే కాలేజీ నుంచి ఒక హెచ్చరిక వచ్చి ఉంటుంది, పాత మెయిళ్లు వెతకమనండి. సెమిస్టర్‌కోసారి చూసే కాలేజీలకు ఒక సెమిస్టర్ పాటు సాయం ఆపకుండా హెచ్చరికతో సరిపెట్టే వెసులుబాటు ఉంది. మూడో సెమిస్టర్‌లో 12కి 9 కలిపితే 42కి 27, అంటే 64.29 శాతం. 67కి చేరలేదు, సాయం ఆగింది. కాలేజీ ఎవరి మీదా కక్ష కట్టలేదు. నేను ఆ సీట్లో ఉన్నా అదే మెయిలు పంపేవాణ్ని.

ఇక దారి సంగతి. అపీలు అవకాశం ఉందో లేదో ఆ కాలేజీ విధానంలో రాసి ఉంటుంది, చాలా చోట్ల ఉంటుంది. బంధువు మరణం, విద్యార్థికి గాయం లేదా అనారోగ్యం, మరే ప్రత్యేక పరిస్థితి అయినా కారణంగా చెప్పుకోవచ్చని నిబంధనలోనే ఉంది. నాయనమ్మ మరణం అచ్చంగా అందులోకి వస్తుంది. అపీలులో రెండు సంగతులు రాయాలి. అప్పుడు ఎందుకు తప్పింది, ఇప్పుడు ఏం మారింది. మనవాళ్లు మొదటిదాన్ని నాలుగు పేజీలు రాసి, రెండోదాన్ని ‘ఇకపై కష్టపడి చదువుతాను’ అని ఒక్క వాక్యంలో ముగిస్తారు. నా కాలంలో వచ్చిన అర్జీలూ అంతే. కన్నీళ్లు నిండుగా ఉండేవి, కాగితం ఒక్కటీ ఉండేది కాదు.

మీ మేనకోడలు ఏం జత చేయాలో చెబుతాను. మీ అమ్మగారి మరణ ధ్రువీకరణ పత్రం మీ సేవలో తీసి పంపండి. దాని మీద మీ అమ్మగారి పేరుంటుంది, పిల్ల పేరుండదు. ఈవిడ నాయనమ్మే అని అక్కడి గుమస్తాకు ఎలా తెలియాలి? మీ అన్నయ్య పాత భారత పాస్‌పోర్టు తీయమనండి. చివరి పేజీలో తల్లి పేరు ఉంటుంది. పిల్ల జనన పత్రంలో తండ్రి పేరు ఉంటుంది. ఈ రెండూ పక్కపక్కన పెడితే బంధుత్వం తేలిపోయింది. వచ్చి వెళ్లిన విమానం టిక్కెట్లు, పాస్‌పోర్టులో పడిన ముద్రలు, కోర్సులు వదిలిన తేదీలు కలపండి. మరణం తేదీ, ప్రయాణం తేదీ, కోర్సు వదిలిన తేదీ ఒకదాని వెంట ఒకటి వరుసగా కనిపిస్తే చదివేవాడికి పని సులువు. పేర్లలో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక ఉంటే ఆ సంగతి ఉత్తరంలో ఒక వాక్యంలో చెప్పేయాలి. ఇంటిపేరు పొడి అక్షరంగా ఉన్నచోట మరీ ముఖ్యం.

ఒక చిక్కు ఉంది, దాన్ని దాటేయకండి. నాయనమ్మ పోయింది రెండో సెమిస్టర్‌లో. మరి మొదటి సెమిస్టర్‌లో కెమిస్ట్రీ, మూడో దాంట్లో మరొక కోర్సు ఎందుకు పోయాయి? అపీలు చూసే అధికారి పెన్సిలు ముందు అక్కడే ఆగుతుంది. పిల్లను కూర్చోబెట్టి అడగండి. నాయనమ్మ లేని దిగులు మూడో సెమిస్టర్ దాకా సాగిందా, కౌన్సెలర్‌ను కలిసిందా? కలిసి ఉంటే ఆ కాగితం తీసుకోవాలి. కెమిస్ట్రీ తన స్థాయికి మించి తీసుకుంది అంటే అదే రాయమనండి. చావును అన్నింటికీ కప్పితే అసలు కారణం మీద కూడా నమ్మకం పోతుంది.

‘ఏం మారింది’ అన్నచోట మాటలకంటే లెక్క బాగా పని చేస్తుంది. వచ్చే సెమిస్టర్ 12 క్రెడిట్లు తీసుకుని అన్నీ పూర్తి చేస్తే 54కి 39, అంటే 72.2 శాతం. అంత వద్దు, 6 తీసుకుని ఆ ఆరూ పూర్తి చేసినా 48కి 33, 68.75 శాతం. గట్టెక్కినట్టే. ఇది చాలా పెద్ద బలం. ఎందుకంటే ఒక్క సెమిస్టర్‌లో కొలత అందుకోగలదని కాలేజీ నమ్మితే అపీలు ఒప్పుకుని ఆ ఒక్క సెమిస్టర్‌కు ప్రొబేషన్ మీద, అంటే పరిశీలనలో ఉంచి, సాయం ఇవ్వవచ్చు. అంతకంటే ఎక్కువ కాలం పడుతుందంటే విద్యా ప్రణాళిక రాయించుకుని, దాని ప్రకారం నడుస్తోందా అని చూస్తూ పోతారు. మీ అమ్మాయికి ఆ తిప్పలు లేవు. గ్రాంటు సొమ్ము తీసుకున్న క్రెడిట్లను బట్టి తగ్గుతుంది, ఫెడరల్ రుణానికి పూర్తికాల విద్యార్థి తీసుకునే క్రెడిట్లలో కనీసం సగం ఉండాలి, డిగ్రీ పిల్లలకు మామూలుగా అది 6 క్రెడిట్లు. కాబట్టి ఆరుకు తగ్గవద్దు, పదిహేనుకు ఎగబాకవద్దు. పోయినదంతా ఒక్కసారే లాగేస్తానని ఐదు కోర్సులు తీసుకుని రెండు వదిలే పిల్లలే ఎక్కువ.

అపీలు ఒప్పుకోకపోతే? ఒక సెమిస్టర్ ఇంట్లో కూర్చుంటే మళ్లీ అర్హత వచ్చేస్తుందని ఎవరో మీ అన్నయ్యకు చెప్పే ఉంటారు. రాదు. 42కి 27 అన్నది ఏడాది తర్వాత చూసినా 42కి 27గానే ఉంటుంది. సొంత డబ్బుతో రెండు కోర్సులు చదివి పూర్తి చేస్తేనే అంకె కదులుతుంది. ఊళ్లోని కమ్యూనిటీ కాలేజీలో ఫీజు తక్కువ. అక్కడ చదివిన క్రెడిట్లను తన కాలేజీ ఒప్పుకుంటే అవి చేరిన వైపూ, పూర్తయిన వైపూ రెండింటిలోనూ పడతాయి. ఒప్పుకుంటుందో లేదో చేరకముందే రాతపూర్వకంగా అడగాలి, చేరాక కాదు.

మరొక్క మాట. ఆ రెండో సెమిస్టర్‌లో మూడు కోర్సులు వదిలి రెండు నిలబెట్టుకుంది చూశారూ, అది తెలిసి చేసిందో తెలియక చేసిందో గానీ మంచి పని. సెమిస్టర్‌లో 60 శాతం గడవకముందే మొత్తం వదిలేస్తే, అప్పటికే అందిన సాయంలో కొంత వెనక్కి కట్టవలసి వచ్చేది.

ప్రశ్న: సార్, మాది జడ్చర్ల దగ్గర పల్లె. జేఎన్‌టీయూ పరిధిలోని ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ 35,000 వస్తుంది. నాన్న పుణెకు పనికి వెళ్లారు. పత్తి ఏరే రోజుల్లో అమ్మకు తోడుగా ఇంటి దగ్గరే ఉన్నాను. ఇప్పుడు హాజరు 68 శాతం, మూడు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్ ఉన్నాయి. బ్యాక్‌లాగ్ ఉంటే ఫీజు ఆగిపోతుందని ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా?

జవాబు: బాబూ, నీ ఫ్రెండ్స్ భయపడాల్సిన దానికి కాకుండా వేరే దానికి భయపెడుతున్నారు. మూడు బ్యాక్‌లాగ్‌లు ఉన్నంత మాత్రాన రీయింబర్స్‌మెంట్ ఆగదు. పై సంవత్సరానికి ప్రమోట్ అయ్యావా లేదా అన్నదే రెన్యువల్‌లో చూస్తారు. నాలుగేళ్లకు 160 క్రెడిట్లు, ఏడాదికి 40. జేఎన్‌టీయూ 2022లో తెచ్చిన ఆర్22 నిబంధనల్లో రెండో ఏడాది నుంచి మూడో ఏడాదికి పోవాలంటే అప్పటిదాకా ఉన్న 80లో 60 శాతం, అంటే 48 క్రెడిట్లు చేతిలో ఉండాలి. నీ బ్యాక్‌లాగ్‌లు మూడూ మూడేసి క్రెడిట్లవి అనుకున్నా తొమ్మిదే పోయాయి. మిగిలినవి నిలబెట్టుకుంటే ఇబ్బంది లేదు. మీ బ్యాచ్‌కు ఏ నిబంధనలు వర్తిస్తాయో కాలేజీ పరీక్షల విభాగంలో ఒకసారి అడుగు.

నీ అసలు గండం హాజరు. సెమిస్టర్‌లో మొత్తం మీద 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం, దానికి ఆధారం చూపించి, రుసుం కట్టి కాలేజీ అకడమిక్ కమిటీ చేత మన్నింపు తీసుకోవచ్చు. 65కు తగ్గితే ఎవరూ మన్నించలేరు, డిటైన్ చేస్తారు. ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి, అదే చదువుకు ప్రభుత్వం రెండోసారి ఫీజు కట్టదు. మీ నాన్న పుణెలో మోసిన ఇటుకల డబ్బు అక్కడికి పోతుంది.

68 అంటే ఇంకా చేయి దాటలేదు. ఇప్పటికి 300 క్లాసులు జరిగితే నువ్వు 204కు వచ్చావన్నమాట. సెమిస్టర్‌లో ఇంకా 150 ఉన్నాయనుకుంటే, అన్నింటికీ వస్తే 450కి 354, అంటే 78.7 శాతం. పదహారు క్లాసులు పోయినా 75 మీదే ఉంటావు. మీ కాలేజీ అసలు అంకెలు తెచ్చుకుని ఇదే విధంగా వేసుకో. ల్యాబ్ ఉన్న రోజు పోతే ఒక్క దెబ్బకు మూడు గంటలు పోతాయి, అది గుర్తుంచుకో. మిగిలిన ఏరుడుకు కూలీ మనిషిని పెట్టుకోవడం అమ్మకు భారమే. అయినా ఆ కూలీనీ ఒక ఏడాది ఫీజునూ పక్కపక్కన పెట్టి చూపించు, అమ్మే నిన్ను బస్సెక్కిస్తుంది.

జడ్చర్లలో ఏదో క్లినిక్‌లో జ్వరం సర్టిఫికెట్ రాయించుకుందామనే ఆలోచన నీకు వచ్చే ఉంటుంది. వద్దు. నా బల్ల మీదికి ఒకే డాక్టరు, ఒకే సిరాతో, ఒకే వారంలో పదకొండు మందికి టైఫాయిడ్ రాసిచ్చిన కట్ట ఒకటి వచ్చింది. అందులో నిజంగా జ్వరం వచ్చిన పిల్ల ఒకతే ఉంది. కమిటీ అందరినీ ఒకే చూపు చూసింది, ఆ పిల్ల ఏడుస్తూ వెళ్లింది. నీ కారణం నిజమైనది. నాన్న వలస, ఇంట్లో వేరే మగదిక్కు లేకపోవడం, ఉన్న భూమి పాస్‌బుక్కు నకలు పెట్టి, ఉన్నదున్నట్టు ప్రిన్సిపాల్‌కు అర్జీ రాయి. అది సరిపోతుందని నేను హామీ ఇవ్వను. ఇంకో సంగతి, ఆ మన్నింపు నిన్ను పరీక్షకు కూర్చోబెట్టడానికి. స్కాలర్‌షిప్ నిబంధనల్లోనూ 75 శాతం హాజరు అని వేరుగా ఉంది. మన్నింపు దొరికింది కదా అని అక్కడ నిశ్చింతగా ఉండకు, 75 దాటడమే మేలు.

రాష్ట్ర స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైటు ఈపాస్‌లో రెన్యువల్ ఏటా చేసుకోవాలి, తనంతట తాను కాదు. ఆధార్ వేలిముద్ర పడిందో లేదో, కాలేజీ నీ దరఖాస్తును ముందుకు పంపిందో లేదో స్టేటస్‌లో చూసుకో. పంపామని నోటితో చెబితే తల ఊపి రావద్దు. ప్రభుత్వం నుంచి సొమ్ము ఆలస్యంగా వస్తుందన్నది మన రాష్ట్రంలో అందరికీ తెలిసిందే. ఆ ఆలస్యం వేరు, నీ పేరు జాబితాలోనే లేకపోవడం వేరు. మొదటిదానికి కాలేజీతో కలిసి ఎదురుచూడాలి, రెండోదానికి ఆ ఏడాదే పరుగెత్తాలి.

ప్రశ్న: నేను నల్లగొండలో బీఎస్సీ చదువుతున్నాను. ఇంటర్ మార్కుల మీద కేంద్ర ప్రభుత్వం వారి స్కాలర్‌షిప్ ఏడాదికి 12,000 వస్తోంది. మొదటి ఏడాది 48 శాతం మార్కులు వచ్చాయి. రెన్యువల్ అవుతుందా అంకుల్?

జవాబు: కాదమ్మా. ఆ పథకంలో రెన్యువల్‌కు ఏటా 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు రెండూ కావాలి. పక్కపిల్ల బ్యాక్‌లాగ్‌లతో రీయింబర్స్‌మెంట్ తీసుకుంటోంది కదా అని పోల్చుకోకు, ఏ పథకం కొలత దానిదే. రెండు శాతమే కాబట్టి ఒక పని చేయి. రీవాల్యుయేషన్ గడువు దాటకపోతే, నువ్వు బాగా రాశానని గట్టిగా నమ్మే పేపరు ఒక్కదానికి కట్టు. అన్నింటికీ కట్టి డబ్బు పోగొట్టుకోకు. అది కూడా రాకపోతే ఈపాస్‌కు నీకు అర్హత ఉందేమో చూసుకో. కేంద్ర స్కాలర్‌షిప్ అందుకుంటున్నప్పుడు రాష్ట్ర రీయింబర్స్‌మెంట్ కూడా తీసుకోకూడదనే నిబంధన ఉంది. అది ఆగిపోతే ఇటు తలుపు తట్టవచ్చు, ఆదాయ పరిమితి సరిపోవాలి.

ప్రశ్న: మా అబ్బాయి సూర్యాపేట నుంచి డల్లాస్‌కు ఎమ్మెస్‌కు వెళ్లాడు. బ్యాంకు లోను 30 లక్షలు. అక్కడి పెల్ గ్రాంటు మావాడికి వస్తుందా?

జవాబు: రాదండి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెళ్లినవారికి అమెరికా ఫెడరల్ సాయం వర్తించదు. పెల్ గ్రాంటు ఎలాగూ మొదటి డిగ్రీ చదివేవారికే. విశ్వవిద్యాలయం సొంతంగా ఇచ్చే ఫీజు రాయితీ, అక్కడే పని చేస్తే ఇచ్చే అసిస్టెంట్‌షిప్ దొరకవచ్చు, వాటికి సాధారణంగా 3.0 జీపీఏ అడుగుతారు. మీవాడు జాగ్రత్త పడాల్సింది ఇంకోచోట. కోర్సు కష్టమని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడగకుండా వదిలేసి, పూర్తికాల విద్యార్థికి ఉండాల్సిన క్రెడిట్ల కంటే తగ్గితే, పోయేది డబ్బు కాదు, వీసా హోదా. బ్యాంకు కూడా తర్వాతి విడత ఇచ్చే ముందు మార్కుల జాబితా అడగవచ్చు. ప్రతి సెమిస్టర్ చివర ఆ జాబితా ఒక ప్రతి మీకు పంపమనండి, ఫైలులో పెట్టుకోండి.